అద్దెకిచ్చాక తాళం ఎవరిది?

తనిఖీల పేరిట ఇళ్లలోకి ఏజెంట్లు.. చట్టంలోని ఖాళీయే వారికి అండ

రంగారెడ్డి జిల్లా: గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్, నల్లగండ్ల ప్రాంతాల్లో అద్దెకిచ్చే ఫ్లాట్లలో చాలావాటికి మూడు తాళంచెవులు ఉంటాయి. ఒకటి అద్దెదారు చేతికి వస్తుంది. రెండోది యజమాని బీరువాలో ఉంటుంది. మూడోది ఎక్కడుందో అద్దెదారుకు తరచూ తెలియదు. ఏజెంటు టేబుల్ సొరుగులోనో, వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడుతూనో ఉంటుంది. రెండు మూడు నెలల అద్దెను అడ్వాన్సుగా ముట్టజెప్పి కాపురం పెట్టిన కుటుంబం ఇంట లేని వేళ ఆ మూడో చెవితో తలుపు తెరుచుకుంటే దానిని ఏమనాలి? ఏజెంట్లు దానిని ‘ఇన్‌స్పెక్షన్’ అంటున్నారు. అద్దెదారుల దృష్టిలో అది చొరబాటు. చట్టం దృష్టిలో అదేమిటన్నది మాత్రం దురదృష్టవశాత్తూ స్టాంపు కాగితం మీద ఏం రాసుకున్నారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఇంటి యజమాని నిఘా మన పట్టణాలకు కొత్తేమీ కాదు. కింది వాటాలో యజమాని, పై వాటాలో అద్దెకున్నవారు ఉండే రోజుల్లో వచ్చే చుట్టాల లెక్క, వాడే నీళ్ల లెక్క, రాత్రి గేటు వేసే వేళ.. అన్నీ యజమానురాలి కనుసన్నల్లోనే సాగేవి. అది చిరాకు కలిగించేదే. అయినా ఆ నిఘాకు ఒక ముఖం ఉండేది. మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు ‘ఏమండీ, మేము లేనప్పుడు వచ్చారట’ అని అడిగే వీలుండేది. ఐటీ కారిడార్ విస్తరించాక పరిస్థితి మారింది. అమెరికాలో, బ్రిటన్‌లో, గల్ఫ్ దేశాల్లో స్థిరపడినవారు పెట్టుబడిగా కొన్న ఫ్లాట్ల బాగోగులు ఏజెంట్ల చేతికి, ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సంస్థల చేతికి వెళ్లాయి. వేల మైళ్ల దూరంలో ఉన్న యజమానికి తన ఇల్లు భద్రంగా ఉందన్న భరోసా కావాలి. ఆ భరోసా వాట్సాప్ వీడియో రూపంలో వెళ్తుంది. గదిగదికీ తిరిగి తీసిన వీడియో ఎంత వివరంగా ఉంటే ఏజెంటు పనితనానికి అంత రుజువు. మరోమాటలో చెప్పాలంటే తనిఖీ అనేది ఇప్పుడు యజమానికి అమ్ముడవుతున్న ఒక సేవ. దాని ధర యజమాని చెల్లిస్తున్నాడు. భారం అద్దెదారు మోస్తున్నాడు.

గోడకు పట్టిన తేమ కోసం తీసిన వీడియోలో గోడ ఒక్కటే పడదు. ఆరేసిన బట్టలు, మంచం పక్కన మందుల సీసాలు, పూజగదిలోని పటాలు, బల్ల మీది బ్యాంకు కాగితాలు, పిల్లల బడి గుర్తింపు కార్డులు కూడా పడతాయి. ఆ వీడియో ఎవరి ఫోన్లలో ఎన్నాళ్లుంటుందో అడిగే నాథుడు లేడు. ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చిన మరునాటి నుంచి పరిస్థితి మరీ దారుణం. ఇల్లు చూసుకోవడానికి వచ్చేవారితో ఆదివారాలు సంతను తలపిస్తాయి. ఇంట్లోవారి సామాన్లతో సహా తీసిన ఫొటోలు అద్దె ప్రకటనల్లోకి ఎక్కుతాయి. స్నానానికి వెళ్లిన మనిషి బయటకు వచ్చేసరికి హాల్లో ముక్కూమొహం తెలియని కుటుంబం నిలబడి ఉండటం ఏ ఒక్క ఇంటికో పరిమితమైన అనుభవం కాదు.

వంటగది తనిఖీది వేరే కథ. సింకు కింద నీరు కారుతోందా అని చూసే నెపంతో గిన్నెల్లో ఏం ఉడుకుతోందో చూసిపోయే యజమానులున్నారన్నది నగరంలో అద్దెకుండేవారికి బాగా తెలిసిన సంగతే. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న షరతుతో ఇల్లిచ్చినచోట ఈ తనిఖీ భవనం బాగోగులకు సంబంధించినది ఎంతమాత్రం కాదు. అది కులం గురించి, తిండి గురించి వాకబు. ఒంటరి మహిళలు, పెళ్లికాని యువకులు, ముస్లిం కుటుంబాలు ఇల్లు దొరకడానికే నానా అగచాట్లు పడుతున్నచోట, దొరికిన ఇంటి గుమ్మంలో నిలబడి ‘లోపలికి రావద్దు’ అనగల ధైర్యం ఎందరికి ఉంటుంది?

1882 నాటి మాట

యజమానికీ అద్దెదారుకూ నడుమ హక్కుల లెక్క తేల్చే మూల చట్టం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులోని 108వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. అద్దె చెల్లిస్తూ ఒప్పందాన్ని పాటించినంత కాలం అద్దెదారు ఆ ఆస్తిని ఏ ఆటంకమూ లేకుండా అనుభవించవచ్చు. ఇది మొదటిది. యజమానిగానీ ఆయన ఏజెంటుగానీ తగిన వేళల్లో వచ్చి ఆస్తి స్థితిని పరిశీలించడానికి అద్దెదారు అనుమతించాలి. ఇది రెండోది. ఒప్పందంలో వేరుగా రాసుకోని పక్షంలో ఇవే వర్తిస్తాయి. కాబట్టి ఏజెంటు రాక దానంతటదే చట్టవిరుద్ధం కాదు. చిక్కంతా ‘తగిన వేళ’ అన్న మాటతోనే. ఎన్ని గంటల ముందు చెప్పాలి, నెలకు ఎన్నిసార్లు రావచ్చు, అద్దెదారు ఇంట లేనప్పుడు తలుపు తీయవచ్చా, ఫొటోలు తీయవచ్చా అన్న ప్రశ్నలకు ఆ సెక్షన్‌లో జవాబు లేదు. కెమెరా ఫోను ఊహలో కూడా లేని కాలంలో రాసిన చట్టమది.

అయితే సెక్షన్‌లోని మరో మాటను ఏజెంట్లు సౌకర్యంగా మరచిపోతున్నారు. పరిశీలించవలసింది ఆస్తి స్థితిని. అంటే గోడలు, పైకప్పు, కుళాయిలు, విద్యుత్ తీగలు. బీరువాలు, పడకలు, వంటపాత్రలు, అతిథులు ఆ మాట కిందికి రారు. ఇల్లు యజమానిదే అయినా అందులోని కాపురం ఆయనది కాదన్న సూక్ష్మం బ్రిటిష్ పాలనలో రాసిన చట్టంలోనే ఉంది.

ఈ ఖాళీని పూరిస్తున్నది 11 నెలల అగ్రిమెంటు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది గనుక ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలల పత్రం వాడుకలోకి వచ్చింది. స్టాంపు వెండర్ల దగ్గర, జిరాక్స్ సెంటర్లలో పేర్లూ అద్దే మార్చి అచ్చువేసే ఆ నమూనాల్లో ‘యజమాని లేదా ఆయన ప్రతినిధి ఎప్పుడైనా ఇంటిని పరిశీలించవచ్చు’ అన్న ధోరణిలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. చట్టంలోని ‘తగిన వేళ’ అగ్రిమెంటులో ‘ఎప్పుడైనా’ అయిపోతుంది. చదవకుండా సంతకం చేసేవారు కొందరు, చదివి కూడా చేసేది లేక సంతకం చేసేవారు ఇంకొందరు. అడ్వాన్సు చేతికిచ్చాక బేరమాడే శక్తి ఎలాగూ ఉండదు.

పోలీసులకు ఫిర్యాదు చేస్తే పరిస్థితి ఏమిటి? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం గృహ అతిక్రమణకు ఏడాది వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఇందులో చూసేది ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందన్నదే తప్ప ఎవరి పేరు మీద ఉందన్నది కాదు. అద్దెదారుకు ఇది కొంత బలమే. కానీ నేరం చేసే ఉద్దేశంతోనో, లోపలివారిని బెదిరించే, అవమానించే, చికాకుపెట్టే ఉద్దేశంతోనో ప్రవేశించినట్లు రుజువు కావాలి. ‘కుళాయి చూడటానికి వచ్చాను’ అన్న ఒక్క మాటతో కేసు నీరుగారుతుంది. ఠాణా మెట్లెక్కితే ‘మీరూ మీరూ మాట్లాడుకోండి, సివిల్ వ్యవహారం’ అన్న సలహా ఎదురవడమూ మామూలే.

హైదరాబాద్ నుంచే వెళ్లిన కేసు

ఇంటి గోప్యతపై సుప్రీంకోర్టు చెప్పిన మాటలకు కొదవ లేదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో అర్ధరాత్రి ఇళ్లకు వెళ్లి సోదా చేసే పోలీసు నిబంధనను కొట్టివేసింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఈ రెండింటి నడుమ 2004లో వచ్చిన ఒక తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోదే. స్టాంపు చట్టంలోని 73వ సెక్షన్‌ను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో సవరించి, కలెక్టర్ అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా ప్రైవేటు స్థలాల్లోకి సైతం వెళ్లి పత్రాలు పరిశీలించేందుకు వీలు కల్పించింది. హైకోర్టు దానిని కొట్టివేయగా, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ - కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించింది. గోప్యత హక్కు మనుషులకు చెందినదే తప్ప స్థలాలకు చెందినది కాదని ఆ తీర్పు సారాంశం.

అద్దెదారు విషయంలో ఈ మాటకు ఎంతో విలువ ఉంది. గోప్యత మనిషిని అంటిపెట్టుకునేదైతే సొంతిల్లు లేనంత మాత్రాన అది తగ్గిపోదు. కాకపోతే ఈ తీర్పులన్నీ ప్రధానంగా ప్రభుత్వ అధికారాన్ని కట్టడి చేయడానికి వచ్చినవి. కలెక్టర్ పంపిన మనిషికి లేని అధికారం కమీషన్ ఏజెంటుకు ఎలా ఉంటుందన్న వాదన నైతికంగా తిరుగులేనిదే. అయినా నెలకు పాతిక వేలు అద్దె కట్టే గుమాస్తా ఆ వాదనతో కోర్టుకు ఎక్కుతాడా, లేక పెట్టేబేడా సర్దుకుని వేరే ఇల్లు వెతుక్కుంటాడా అన్నది అందరికీ తెలిసిందే.

కాగితాలపై 24 గంటలు

పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనే అది ఉంది. యజమానిగానీ ప్రాపర్టీ మేనేజరుగానీ ఇంట్లోకి వెళ్లాలంటే కనీసం 24 గంటల ముందు లిఖితపూర్వకంగానో ఎలక్ట్రానిక్ మాధ్యమంలోనో నోటీసు ఇవ్వాలి. ఎందుకు వస్తున్నదీ, ఏ రోజు, ఏ సమయంలో వస్తున్నదీ అందులో తెలపాలి. మరమ్మతులు, ఇల్లు నివాసయోగ్యంగా ఉందో లేదో చూడటం, ఒప్పందంలో రాసుకున్న ఇతర సహేతుక కారణాలు తప్ప ఊరికే వచ్చిపోవడానికి వీల్లేదు. ప్రాపర్టీ మేనేజరును నియమిస్తే ఆయన పేరు, అధికారమిచ్చినట్లు రుజువు, ఏయే పనులకు అధికారమిచ్చారన్నది అద్దెదారుకు ముందే తెలియజేయాలి. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్న నిబంధన కూడా ఇందులోనిదే. అడ్వాన్సు యజమాని గుప్పిట్లో ఎంత తక్కువ ఉంటే అద్దెదారు నోరు అంత ధైర్యంగా తెరుచుకుంటుంది.

అయితే అది నమూనా మాత్రమే. అద్దె వ్యవహారం రాష్ట్రాలది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. నమూనా తరహాలో చట్టాలను మార్చుకున్న రాష్ట్రాలుగా కేంద్రం పేర్కొన్నవాటిలో తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంలతో పాటు అదీ ఉంది. తెలంగాణకు రాష్ట్ర విభజనతో సంక్రమించింది మాత్రం 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం. దాని చూపంతా సముచిత అద్దె నిర్ణయం మీద, ఖాళీ చేయించడం మీద, సదుపాయాల నిలిపివేత మీద ఉంది. పైగా 2005లో చేసిన సవరణ నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500 దాటిన, ఇతర ప్రాంతాల్లో రూ.2 వేలు దాటిన అద్దె ఇళ్లను దాని పరిధి నుంచి తప్పించింది. ఆ అద్దెకు గచ్చిబౌలిలో కారు నిలుపుకొనే జాగా దొరికినా గొప్పే.

ఏజెంటును అదుపు చేసే వ్యవస్థ ఉందా అంటే అదీ కొరవడింది. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్ల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసిందిగానీ అది ప్లాట్లు, ఫ్లాట్ల విక్రయ లావాదేవీలకు సంబంధించినది. అద్దె ఇళ్లు కుదిర్చే బ్రోకరు దాని పరిధిలోకి రాడు. తీసిన వీడియోల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కొంత ఆశ కల్పిస్తోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

బ్రిటన్‌కు చదువులకు వెళ్లిన మన పిల్లలకు ఏజెంటు తనిఖీలు సుపరిచితమే. అక్కడ మూడు నెలలకోసారి వచ్చి చూసిపోవడం సర్వసాధారణం. విసుగూ అంతే సాధారణం. కానీ ఇంగ్లండ్‌లో 1985 నాటి చట్టం ప్రకారం ఇంటి స్థితిని చూడటానికి వచ్చే యజమానిగానీ ఆయన పంపిన మనిషిగానీ 24 గంటల ముందు లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, పగటిపూట సబబైన వేళలోనే రావాలి. హైదరాబాద్‌లో అమ్మానాన్నలుండే అద్దె ఇంటికి లేని ఆ రక్షణ లీసెస్టర్‌లో కొడుకుండే అద్దె గదికి ఉంది.

యజమానుల గోడు కూడా కొట్టిపారేయదగినది కాదు. కుటుంబమని చెప్పి దిగి గదుల్ని రోజువారీ అద్దెలకు తిప్పేవారున్నారు. బాత్‌రూం లీకేజీని నెలల తరబడి చెప్పకపోవడంతో కింది ఫ్లాటు పైకప్పు పెచ్చులూడిన సందర్భాలున్నాయి. జీవితకాలపు కష్టార్జితాన్ని ఫ్లాటులో పెట్టిన మనిషి దాని స్థితిని తెలుసుకోవాలనుకోవడంలో తప్పులేదు. ఆ అవసరాన్ని ముందే తేదీ చెప్పి, అద్దెదారు సమక్షంలో, ఆరు నెలలకోసారి చేసే పరిశీలన తీరుస్తుంది. దొంగచాటు తనిఖీలో తేలేవి లీకేజీలు కావు.

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండేవారికి ఈపాటి ఆసరా కూడా లేదు. మంచానికింతని చెల్లించి ఉండేవారిని చట్టం చాలావరకు అద్దెదారులుగా కాక అనుమతిపై ఉండేవారిగానే చూస్తుంది. గది స్వాధీనం నిర్వాహకుడిదే. ఆడపిల్లల గదుల్లోకి ‘చెకింగ్’ పేరుతో మగ సిబ్బంది వెళ్లకూడదన్న నియమాన్ని పాటించేదీ లేనిదీ నిర్వాహకుడి సంస్కారానికే వదిలేశారు.

కొత్త చట్టం వచ్చేదాకా అద్దెదారు చేతిలో ఉన్నది అగ్రిమెంటే. సంతకానికి ముందే ‘ఎప్పుడైనా’ అన్న మాట కొట్టించి ‘24 గంటల ముందు తెలిపి, అద్దెదారు సమక్షంలో’ అని రాయించుకోవచ్చు. అద్దెదారు సామాన్లు కనిపించేలా ఫొటోలు, వీడియోలు తీయరాదని, తాళంచెవులు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరి వద్ద ఉన్నాయో పేర్కొనాలని మరో రెండు వాక్యాలు చేర్చవచ్చు. వీటికయ్యే ఖర్చు టైపింగ్ ఛార్జీ మాత్రమే. ఇందుకు ఒప్పుకోని యజమానులు ఉండకపోరు. అలాంటిచోట కొందరు యజమానికి రాతపూర్వకంగా తెలిపి, వచ్చిన వారంలోనే తలుపు తాళం మార్చుకుంటున్నారు. పాత తాళాన్ని దాచి ఉంచి, ఖాళీ చేసే రోజున తిరిగి బిగించి వెళ్తున్నారు.