ఉప్పల్ క్రీడాప్రాంగణము ఎవరిది?

హైదరాబాదు నగర సమీపమున బేగరికంచె వద్ద మరియొక అంతర్జాతీయ క్రికెట్టు స్టేడియమును నిర్మింపజేసెదమని తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంతరెడ్డిగారు 2024లో ప్రకటించిరి. ఈ వార్త విని యువజనులు సంతోషించిరి. సంతోషింపదగినదే. కాని కొత్తయింటికి ముగ్గు పోయుటకు ముందు పాతయింటి జమాఖర్చులు చూచుకొనుట సంసారులెరిగిన పద్ధతి. కావున ఉప్పల్ స్టేడియపు చరిత్రమును, దాని నేటి స్థితిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముషీరాబాదు నుండి బయలుదేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు రాతిభవనములను, తార్నాకను దాటి తూర్పుగా పోయినచో ఈ ప్రాంగణము తగులును. 2017లో మెట్రోరైలు వచ్చిన పిదప తార్నాక నుండి ఇది మూడవ స్టేషను. ఆ స్టేషను పేరే స్టేడియము. అంతకుముందు పందెము జరిగిన రాత్రులలో ఇంటికి చేరుట ఆట చూచుట కంటె కష్టముగ నుండెడిది.

నగరమునకు క్రికెట్టు ఉప్పల్‌తో వచ్చినది కాదు. పూర్వము పెద్ద పందెములన్నియు ఫతేమైదానమున జరుగుచుండెను. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు అచట విడిసినందున, విజయానంతరము దానికి ఆ పేరు కలిగెనందురు. 1967లో దానికి లాల్‌బహదూరు శాస్త్రిగారి పేరు పెట్టిరి. అచట మూడు టెస్టు పందెములు, 1955, 1969, 1988 సంవత్సరములలో జరిగినవి. మూడింటను ప్రతిపక్షము న్యూజిలాండే! మొదటిదానిలో పాలీ ఉమ్రీగరు 223 పరుగులు తీసి, టెస్టులలో ద్విశతకము చేసిన ప్రథమ భారతీయుడాయెను. 1999 నవంబరులో అదే న్యూజిలాండుపై సచిన్ 186, ద్రావిడ్ 153 పరుగులతో రెండవ వికెట్టుకు 331 పరుగులు జోడించిరి. ఒకదినపు పందెములలో అప్పటికి అంతటి జోడింపు లోకమున మరియొకటి లేదు.

ఇంతటి చరిత్రము గల మైదానమును విడుచుటకు కారణమేమి? ఆ నేల క్రికెట్టు సంఘమునకు సొంతము కాదు. అద్దెయింటివాడు గోడకు మేకు కొట్టుటకును యజమాని ననుమతి కోరవలెను గదా! సొంత మైదానము కావలెనను కోరిక సంఘమువారికి కలుగుట సహజమే. ప్రభుత్వ మొసగిన 16 ఎకరముల స్థలమున ఉప్పల్ స్టేడియము వెలసెను. పని పూర్తికాకముందే 2004లో దాని పేరును వేలము వేసిరి. విశాఖ ఇండస్ట్రీసు అను కంపెనీ 6 కోట్ల 50 లక్షల రూపాయలకు పాడుకొనెను. తరువాత ఆక్షేపణలు రాగా, 2005లో ఆ పేరు తీసివేసి రాజీవుగాంధీ పేరు పెట్టిరి. దానిపై పుట్టిన వ్యాజ్యము సంవత్సరముల తరబడి నడచెను. గుడిమెట్లపై దాత తన పేరు చెక్కించుకొనుట మనమెరుగుదుము. ధ్వజస్తంభము పేరునే వేలము వేయుట, అమ్మిన పిదప దానిని నిలుపలేకపోవుట, ఈ రెండును మాకు సమ్మతములు కావు.

2005 నవంబరు 16న అచట మొదటి అంతర్జాతీయ పందెము జరిగెను. యువరాజ్‌సింగు శతకము చేసినను దక్షిణాఫ్రికా ఐదు వికెట్లతో గెలిచెను. 2009 నవంబరులో ఆస్ట్రేలియా 350 పరుగులు చేయగా సచిన్ ఒక్కడే 175 తీసెను. అయినను భారతము మూడు పరుగుల తేడాతో ఓడెను. ఆ రాత్రిని నగరవాసులు నేటికిని మరువలేదు. 2010లో మొదటి టెస్టు, మరల న్యూజిలాండుతోనే! 2023 జనవరిలో శుభమన్ గిల్లు 208 పరుగులు చేసినది, 2024 జనవరిలో ఓలీ పోపు 196 పరుగులతో ఇంగ్లండు 28 పరుగుల తేడాతో మనలను ఓడించినది ఇచటనే. 2024 అక్టోబరులో బంగ్లాదేశముపై ఇరువది ఓవర్లలో భారతము 297 పరుగులు చేసెను. బౌలర్లకు ఆ నేలపై నిలువ నీడ లేదని దీనినిబట్టి తెలియగలదు.

నీడ యన్నంతనే ప్రేక్షకుని గోడు జ్ఞప్తికి వచ్చుచున్నది. సుమారు 39 వేలమంది కూర్చుండు ఈ ప్రాంగణమున చిరకాలము పెక్కు గ్యాలరీలపై కప్పు లేకుండెను. వేసవి యెండలో డబ్బిచ్చి మాడినవారే అధికము. 2023 ప్రపంచకప్పు నాటి మరమ్మతులతో ఈ కొరత చాలవరకు తీరెను. ఆ పోటీలో ఇచట మూడు పందెములు జరిగినవి. ఒక్కదానిలోనైనను మన జట్టు లేదు. శ్రీలంక చేసిన 344 పరుగులను పాకిస్తాను ఛేదించినపుడు, ప్రపంచకప్పులలో అంతకుమించిన ఛేదన లేదు. ఎవరు గెలిచినను మంచి ఆటకు చప్పట్లు కొట్టిన మన ప్రేక్షకులను మేము అభినందించుచున్నాము.

ఇక ప్రేక్షకునికి సంఘము చేసిన మర్యాద యెట్టిది? 2022 సెప్టెంబరు 22న సికిందరాబాదు జింఖానా మైదానమున ఆస్ట్రేలియా పందెపు టిక్కెట్ల కొరకు వేలాదిగా చేరిన జనము తొక్కిసలాటకు గురికాగా, స్త్రీలతో సహా పలువురు గాయపడిరి. 2024 ఏప్రిలులో బిల్లుల బకాయికై విద్యుచ్ఛాఖవారు స్టేడియమునకు కరెంటు నిలిపివేసిరి, పందెము మరునాడే! 2025 మార్చిలో ఉచిత టిక్కెట్ల కొరకై సంఘమువారు ఒత్తిడి చేయుచున్నారని సన్‌రైజర్సు జట్టు యాజమాన్యము ఆక్షేపించి, ఊరు విడిచిపోయెదమని బెదిరించెను. అదే సంవత్సరము జూలైలో సంఘాధ్యక్షునితో సహా కొందరిని నేరపరిశోధన శాఖవారు నిర్బంధించిరి. ఆ యభియోగములు న్యాయస్థానమున తేలవలసినవి. తీర్పు చెప్పుట మా పని కాదు.

రోగమునకు మూలము వేరొకచోట నున్నది. సంఘములో ఓటు హక్కు ప్రధానముగా క్లబ్బులది. ఒకే చేతిలో పెక్కు క్లబ్బులున్నచో ఎన్నిక పేరునకే ఎన్నిక. సుప్రీముకోర్టు 2023లో నియమించిన జస్టిసు నాగేశ్వరరావుగారి సంఘము 57 క్లబ్బులను ఈ కారణముననే ఓటింగునకు దూరముంచెను. పట్టణపు క్లబ్బుల ఓట్లపై అధికారము నిలుచునంతకాలము ఆదిలాబాదు, ఖమ్మము, పాలమూరు పిల్లవానికి ఉప్పల్ గేటు దూరముగనే యుండును.

దీని ఫలము ఆటలో కనబడుచున్నది. 1937-38లో నవానగరును ఒక్క వికెట్టుతో ఓడించి హైదరాబాదు రంజీకప్పు గెలిచెను. 1986-87లో మరల గెలిచెను. 1999-2000లో లక్ష్మణు ఒక్కడే 1,415 పరుగులు చేయగా అంతిమ పందెము వరకు పోయెను. నాడు ఉప్పల్‌లో స్టేడియము లేదు. 2022-23లో, సొంత స్టేడియమును, కోట్ల ఆదాయమును ఉండియు, మన జట్టు అట్టడుగున పడి ప్లేటు తరగతికి దిగజారెను. మరుసటి యేడు ఆ తరగతిలో గెలిచి పైకి వచ్చెను. ఆటోరిక్షా నడపినవాని కుమారుడు సిరాజు దేశమునకు ఆడుచున్నాడన్నచో అది సంఘపు ఘనత కాదు, వీధి మైదానముల ఘనత.

కొత్త స్టేడియమునకు మేము విరోధులము కాము. భూమి ప్రజలది గనుక, దానినిచ్చుటకు ముందు కొన్ని షరతులు విధింపుమనుచున్నాము. సంఘపు జమాఖర్చులు ఏటేట ప్రకటింపబడవలెను. ప్రతి జిల్లాకు ఓటును, ఆటస్థలమును ఉండవలెను. ఉచిత టిక్కెట్ల పట్టిక బహిరంగముగ నుండవలెను. సామాన్యుని టిక్కెట్టు ధర ముందుగనే నిర్ణయింపబడవలెను. బేగరికంచె భూమికి దస్తావేజు వ్రాయకముందే ముఖ్యమంత్రిగారు ఈ షరతులను శాసనసభ యెదుట నుంచి చర్చకు పెట్టుదురుగాక.