ఫిలిబస్టర్ అంటే సభలో గో-స్లో

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల మిల్లుల్లో పనిచేసే మన సభ్యులు కొందరు పేపర్లలో కనబడే 'ఫిలిబస్టర్' అనే మాటకు అర్థం అడుగుతున్నారు. బిల్లు ఓటింగుకు రాకుండా గంటల తరబడి మాట్లాడి కాలం గడిపేయడమే ఫిలిబస్టర్. మన భాషలో చెప్పాలంటే సభలో గో-స్లో. అదే పని మనం మిషను దగ్గర చేస్తే మాత్రం ఛార్జిషీటు చేతికిస్తారు!

ఈ మాట దొంగల ఇంట పుట్టింది. డచ్చివారు దోపిడీగాళ్ళకు పెట్టిన పేరు స్పానిష్‌లో 'ఫిలిబుస్టెరో' అయింది. 1850లలో సొంత దండు కట్టుకుని పొరుగు దేశాల మీద పడిన అమెరికన్లను కూడా అలాగే పిలిచారు. వారిలో విలియం వాకర్ అనేవాడు 1856లో ఏకంగా నికరాగువా అధ్యక్షుడై కూర్చున్నాడు. చివరికి సభాసమయాన్ని దోచుకునే సెనేటర్లకు ఆ పేరు అంటుకుంది. 1957లో స్ట్రామ్ థర్మండ్ నల్లజాతివారి ఓటు హక్కు బిల్లును అడ్డుకోవడానికి 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు.

మనకు ముఖ్యమైనది 1978 నాటి సంగతి. అమెరికా దక్షిణాది బట్టల మిల్లుల్లో యూనియన్ పెట్టినవారిని పనిలోంచి తీసేయడం మామూలు. రొనోక్ రాపిడ్స్‌లోని జె.పి. స్టీవెన్స్ మిల్లుల కార్మికులు 1974లోనే యూనియన్ ఓటింగులో గెలిచినా 1980 దాకా ఒప్పందం కుదరలేదు. ఇలాంటి యజమానులకు ముకుతాడు వేసే బిల్లు దిగువ సభలో నెగ్గింది. సెనేట్‌లో చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలి. ఆరుసార్లు ప్రయత్నించారు, 58 దాటలేదు. మెజారిటీ ఉండి కూడా బిల్లు చచ్చిపోయింది.

మన సభల్లో ఇది సాగదు. చర్చకు టైము ముందే నిర్ణయిస్తారు. మనకు జరిగే అన్యాయం వేరే దారిలో వస్తుంది. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1952 నుంచి 1962 దాకా అధ్యక్షత వహించిన రాజ్యసభలోనే, 2020 సెప్టెంబరు 23న, ప్రతిపక్షం బహిష్కరించి బయట ఉండగా మూడు లేబర్ కోడ్‌లు పాసయ్యాయి. 300 మంది లోపు ఉన్న మిల్లు మూయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదన్నది వాటిలోనిదే. 2025 నవంబరు 21న అవి అమల్లోకి వచ్చాయి. బహిష్కరణ నిరసనే కావచ్చు, కానీ గట్టిగా నిలదీసే పార్టీలు ఆ రోజు లోపల లేవన్నది మా బాధ.

తమిళనాడులో 12 గంటల పనికి దారితీసే ఫ్యాక్టరీల సవరణ బిల్లు కూడా 2023 ఏప్రిల్ 21న మూజువాణి ఓటుతోనే పాసయింది. మిత్రపక్షాలు వాకౌట్ చేసినా ఆగలేదు. యూనియన్లన్నీ ఒక్కటై సమ్మెకు సిద్ధమయ్యాక ఏప్రిల్ 24న ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. మే డే నాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఉపసంహరణ ప్రకటించారు.