దుఃఖం మాట్లాడితే నమ్మేదెవరు?

2016 ఫిబ్రవరిలో వచ్చిన ‘క్షణం’ను అందరూ థ్రిల్లర్‌గానే చూశారు. రవికాంత్ పేరేపు తీసిన ఆ సినిమాకు ప్రాణం మాత్రం ఓ తల్లి దుఃఖం. పాప కనిపించడం లేదంటుంది శ్వేత. అసలు పాపే లేదంటాడు భర్త. పోలీసులదీ అదే మాట. అమెరికా నుంచి దిగిన పాత ప్రేమికుడు రిషి ఒక్కడే నమ్ముతాడు, కొన్నాళ్లకు ఆ నమ్మకమూ సడలుతుంది. ఇక ఆమె బతకలేకపోతుంది.

శ్వేత ఉన్నంతసేపూ ప్రేక్షకుడికి ఊపిరాడదు. ఆమె చెబుతున్నది నిజమా, కడుపుకోత అలా అనిపిస్తున్నదా? తెలుగు తెర మీద అరుదైన సందిగ్ధం అది. ఆమె పోయాక కథ పరుగందుకుంటుంది. ముడులు విప్పే హడావుడిలో తల్లి వెనకబడిపోతుంది. 2018లో అదే కథ హిందీలో ‘బాఘీ 2’ అయ్యేసరికి తుపాకులు, హెలికాప్టర్లే ముందుకొచ్చాయి.

కారిన్ కుసామా 2015లో తీసిన ‘ది ఇన్విటేషన్’ ఆ తొందర పడలేదు. కొడుకు పోయాక విడిపోయిన భార్య, కొన్నేళ్ల తర్వాత విందుకు పిలిస్తే విల్ వెళ్తాడు. అది వాళ్ల పిల్లాడు తిరిగిన ఇల్లు. ఆమె కొత్త భర్త వీధి తలుపుకు తాళం వేయడం విల్ కంట పడుతుంది. రావాల్సిన చోయ్ అనే స్నేహితుడు ఎంతకీ రాడు. అతణ్ని ఏదో చేశారని విల్ అందరి ముందూ విరుచుకుపడతాడు. అంతలో చోయ్ రానే వస్తాడు! గదిలో వాళ్లంతా విల్‌ను జాలిగా చూస్తారు. పాపం, కొడుకు పోయిన మనిషి కదా. ఆ జాలే అతని మాటకు విలువ లేకుండా చేస్తుంది. అతని అనుమానం నిజమని తేలేసరికి గ్లాసుల్లో విషం పోసి ఉంటుంది.

దుఃఖంలో పుట్టే ఇలాంటి అనుమానం సింగరేణి బొగ్గు గని కార్మికుల ఇళ్లకు కొత్త కాదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. బొగ్గు బాయిలో ప్రమాదమైందంటే ఇంటివాళ్లు ఏడుస్తూనే అడుగుతారు: అక్కడ నీళ్లున్నయని ఎవరికీ తెల్వదా? తెలిసీ దింపిండ్రా? ఆఫీసు చెప్పిన మాట నమ్మాలో, పక్క క్వార్టర్ మనిషి గుసగుస నమ్మాలో తేలదు.

మందమర్రి సింగరేణి క్వార్టర్లలో ఇంతకంటే నిదానంగా రాజుకునేది ఇంకోటి ఉంది. పోయిన కార్మికుడి బదులు ఇంట్లో ఒక్కరికే డిపెండెంట్ ఉద్యోగం. భార్యకా, కొడుక్కా, బిడ్డకా? దినాలు కాకముందే వారసుల సర్టిఫికెట్ మాట వస్తుంది. కోడలి పుట్టింటివాళ్లు ఎందుకింత తరచుగా వస్తున్నారని అత్త గమనిస్తుంది. వదిన మళ్లీ పెళ్లి చేసుకుంటే అమ్మను చూసేదెవరని మరిది లోలోపల లెక్కేస్తాడు. కోడలు బీరువా తాళాలు కొంగున ముడేసుకుంటుంది. వీళ్లలో దుర్మార్గులు లేరు. అందరూ ఒకే మనిషి కోసం ఏడుస్తున్నవాళ్లే. ఉద్యోగం చేజారితే తలదాచుకున్న క్వార్టరూ పోతుందన్న భయం వాళ్ల చేత ఇవన్నీ చేయిస్తుంది.

2023లో ‘దసరా’ ఈ బొగ్గు నేలను దేశమంతటికీ చూపించింది. ఇక్కడి మసినీ, మందునూ, మాట తీరునూ శ్రీకాంత్ ఓదెల ప్రేమగా పట్టుకున్నాడు. అందులో సూరి పోయాక అతని స్నేహితుడు ధరణి, భార్య వెన్నెల మధ్య మిగిలిన మౌనంలో మరో గొప్ప సినిమా ఉంది. పగ వచ్చి దాన్ని మింగేసింది.

ఆ మిగిలిన సినిమాను మందమర్రి, రామకృష్ణాపూర్ కుర్రాళ్లే తీయాలి. దానికి రెండు గదుల క్వార్టర్, నలుగురు మనుషులు, అందరి సంతకాలూ కావాల్సిన ఒక కాగితం చాలు. హంతకుడు అక్కర్లేదు. ఇలాంటివి ఎవరు చూస్తారనే నిర్మాతలు ‘క్షణం’ లెక్క మరోసారి చూసుకోవాలి. పెద్ద స్టార్ లేకుండా, కొద్దిపాటి ఖర్చుతో తయారై, పాప ఉందంటే ఎవరూ నమ్మని ఓ తల్లి కథతో మొదలైన ఆ సినిమాను తమిళం, కన్నడం, హిందీ పరిశ్రమలు మూడూ కొనుక్కుని మళ్లీ తీశాయి.