ఇరుకిండ్లు – గృహాలంకారము

ఇంటికి అలంకారము వలదని చెప్పువాడు సంసారి కష్టము నెరుగనివాడు. పగలెల్ల పరుల పని చేసి యలసి వచ్చిన మనుష్యునకు ఇంటిలో కంటికి ఇంపైనది ఒక్కటియైనను లేనియెడల ఆ యిల్లు సత్రము కంటె మేలు గాదు. కాని అలంకారమనగా నేమి? అది ఎవరి కొరకు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనకయే మన మధ్యతరగతి కుటుంబముల వారు సామానులు కొనుటకు బయలుదేరుచున్నారు. అందువలన సొమ్మును పోవుచున్నది, చోటును పోవుచున్నది. ఇంపు మాత్రము రాకున్నది.

హైదరాబాదు నగరములోని తార్నాకను దృష్టాంతముగా గైకొందము. ఒకవైపున ఉస్మానియా విశ్వవిద్యాలయము. చేరువనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము. జాతీయ పోషకాహార సంస్థయు, రసాయన శాస్త్ర పరిశోధనశాలయు కూత వేటు దూరములో నున్నవి. లాలాగూడ వైపున రైల్వే వారి నివాసములు కలవు. చదువుకొనువారును, చదువు చెప్పువారును, పరిశోధకులును, నెలజీతముపై బ్రదుకువారును ఇచ్చట దట్టముగా వసించుచున్నారు. వీథి వీథిని అపార్టుమెంట్లు లేచినవి. ఒక ముందుగది, ఒకటియో రెండో పడకగదులు, ఇద్దరు నిలిచినచో మూడవవారికి చోటు చాలని వంటగది, బట్టలారవేయుటకు మాత్రము సరిపోవు బాల్కనీ – పెక్కు కుటుంబములకు గృహసర్వస్వ మింతే. ఇందును సగము వారు అద్దెకున్నవారో, బ్యాంకు ఋణము తీర్చుచున్నవారో యగుదురు.

ఇట్టి యింట అలంకారమను పేర జరుగుచున్న దేమి? ముందుగదిలో సగము నాక్రమించు సోఫా. ఒక గోడ నిండ గాజు తలుపుల షోకేసు. అందులో ఎవ్వరును ముట్టని పింగాణీ బొమ్మలు. మూలను దుమ్ము పట్టిన ప్లాస్టికు పూలు. అసలే పొట్టిదగు కప్పును మరింత క్రిందికి దించు ఫాల్సు సీలింగు. ఆ యింటిలో మంచి వెలుతురుగల కిటికీ సాధారణముగా ముందుగదిలోనే యుండును. ఆ కిటికీకి సోఫా వీపు అడ్డముగా నుండును. ఆ సోఫాపై నెలకు రెండుమారులు వచ్చు చుట్టము కూర్చుండును. పరీక్షకు చదువుకొనవలసిన ఆడపిల్ల మాత్రము వంటగది గుమ్మముకడ పీట వేసికొని పోపు పొగలో పుస్తకము పట్టుకొనియుండును. ఇది అలంకారమా? ఇంటివారి వెలుతురును దోచి అతిథి కంటికి కానుక చేయుట అలంకారమెట్లగును? ఇంట వసించువారికి వెలుతురును, చోటును, మనస్సునకు నెమ్మదిని ఇచ్చునది అలంకారము. చూడవచ్చినవారికి మన సంపాదనను చాటునది ప్రకటన. మనము అలంకారమని భ్రమించి ప్రకటనకు వాయిదాలు కట్టుచున్నాము.

దీనికి వర్తకులనే నిందించుట న్యాయము గాదు. వారు అమ్ముకొనుటకే కూర్చుండిరి. చేతిలోని ఫోనులో దేశదేశముల విశాలభవనముల చిత్రములు చూచి, అవి మన పదియడుగుల గదిలో పట్టునో పట్టదో కొలిచి చూడక ఆశపడుచున్నవారము మనమే. పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత పూర్వము పొరుగింటితో ఆగెడిది. ఇప్పుడు సముద్రములు దాటినది. అయినను ఇతర దేశముల యిండ్లను చూచుట తప్పని నేననుట లేదు. చూచి యేమి నేర్చుకొనవలయునో తార్నాక వారికి వారి యూరిలోని కట్టడమే బోధించుచున్నది.

ఉస్మానియా విశ్వవిద్యాలయ భవనములు కట్టదలచినపుడు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగు గారలు విదేశములకు పోయి అచ్చటి విద్యాలయములను చూచి వచ్చిరి. బెల్జియము దేశీయుడగు జాస్పర్ అను వాస్తుశిల్పి నియమింపబడెను. ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో పునాది పడెను. 1939లో ప్రారంభోత్సవము జరిగెను. ఇంత లోకము చూచినవారు తుదకు దేనితో కట్టిరి? ఈ నేలలో ఎటు చూచినను తల యెత్తి కనబడు గ్రానైటు రాతితో కట్టిరి. ఆ రాతి గులాబి ఛాయయే నేటికిని ఆ భవనమునకు సొగసు. స్తంభములందు అజంతా, ఎల్లోరాల పోలిక కలదు. కమానులందు మహమ్మదీయ వాస్తువు పోలిక కలదు. చూపు లోకమంతయు తిరిగినది. చేయి మాత్రము కాలిక్రింది రాతిని పట్టుకొన్నది. గృహాలంకారమునకు ఇంతకంటె మంచి సూత్రము నాకు తోచదు.

“అది రాజుగారి బొక్కసము, మాకు బొక్కసమెక్కడిది?” అని యడుగువారుందురు. బొక్కసము లేనివారి సూత్రమును ఇదియే. తెలంగాణపు స్త్రీలు ఏటేట పేర్చు బతుకమ్మను చూడుడు. గునుగుపూవు బీడునేలలలో మొలచునది. తంగేడు బాటప్రక్కన పూచునది. ఆ పూలను కోసికొని వచ్చి, గునుగు తెల్లదనమునకు రంగులద్ది, తాంబాళములో వరుసవరుసగా పేర్చి, గోపురముగా నిలుపుదురు. అందలి సౌందర్యము కొనబడినది గాదు, పేర్పులో పుట్టినది. సంవత్సరమున కొకమారు ఇంతటి రసజ్ఞతను వీథిలో చూపు మన స్త్రీలు ఇంటి గోడలయెడ తమకు రుచి తెలియదని యెంచుకొని దుకాణదారుని సలహా నడుగుట వింత గాదా?

ఇక చేయవలసిన దేమనగా, మొదట వెలుతురును విడిపింపవలయును. కిటికీకి అడ్డమున్న వస్తువును తొలగించుటకు కానియైనను ఖర్చు లేదు. ఆ కిటికీ క్రింద బల్లయో, చాపయు ఎత్తుపీటయో వేసి చదువుకొను బిడ్డకు ఇచ్చినచో ఇంటికి ప్రథమాలంకారము సిద్ధించినట్లే. కిటికీ కెదుటి గోడకు అద్దమును నిలిపినచో వెలుతురు గది లోపలికి మరలివచ్చి చీకటిమూల తెలివి నొందును. బరువైన తెరల కంటె పలుచని నేతచీర మేలు. 5½ మీటర్ల పాతచీర నడిమికి కోసినచో ఒక కిటికీకి రెండు తెరలగును. అంచు యథాస్థానమున నిలిచి అందమిచ్చును. రాత్రివేళకు వెదురుబుట్టను బోరగిలించి దీపముపై వ్రేలాడదీసినచో గోడలనిండ అల్లిక నీడలు పరచుకొనును. పూర్వపు తీగదీపముల వేడిమికి ఇట్టిపని ప్రమాదకరము. నేటి 9 వాట్ల ఎల్‌ఈడీ దీపము నాటి 60 వాట్ల దీపమునకు సరిపోవు వెలుగు నిచ్చును, వేడిమి స్వల్పము. అయినను బుట్ట దీపమునకు తగులకుండ కొంత యెడముంచుట వివేకము.

రెండవది, ఒక్క చోటును మాత్రమే అలంకరింపవలయును. జపాను దేశీయుల యిండ్లలో తోకొనోమ యను చిన్న అర యుండును. అందొక చిత్రపటమును, కొన్ని పూలను మాత్రముంచి, ఋతువు మారినపుడు పటమును మార్చుదురు. తక్కిన గోడలు వట్టివి. ఇది మనకు క్రొత్త గాదు. మన పెద్దలు దీపమునకు గోడలో ఒక గూడు చాలునని యెంచిరి. బొమ్మలకొలువు బొమ్మలను పండుగనాడు మెట్లపై నిలిపి, పండుగ తీరగానే పెట్టెలో పెట్టిరి. ఏటి పొడుగున నూరు బొమ్మలు కంటి యెదుట నున్న యెడల ఒక్కటియు కంటబడదు. దాచి తీసిన బొమ్మ ప్రతిసారి క్రొత్తది. ఇరుకింటికి ఈ పెట్టె పద్ధతియే శరణ్యము.

మూడవది, పాతవస్తువునకు క్రొత్తపని యొప్పగింపవలయును. తాతగారి ట్రంకుపెట్టెపై బొంత పరచినచో కూర్చుండుటకు ఆసనము, లోపల చలికాలపు దుప్పట్లకు చోటు. వంటింటి చేటకు సున్నపు తెలుపును, జాజు ఎరుపును పూసి చిన్న ముగ్గు పెట్టినచో గోడకు శోభ. పాత నిచ్చెనను గోడకు చేరవేసినచో దుప్పట్లకును పుస్తకములకును దండెము. పాతవస్తువులకు జుమ్మెరాత్ బజారును, ఎర్రగడ్డ ఆదివారపు సంతయు, పాతపుస్తకములకు ఆబిడ్సు కాలిబాటయు ఈ నగరమున ప్రసిద్ధములే. మనీప్లాంటు కొమ్మ నీటిసీసాలో వేరు పట్టును. కాని వారమున కొకమారైనను నీరు మార్చవలయును, లేనిచో అది దోమల పుట్టినిల్లగును. అపార్టుమెంటులో గడప ముందరి రెండడుగుల చోటునకైనను ముగ్గు నిరాకరించునది కాదు.

“అద్దెయింట మేకు కొట్టనీయరు, మనది కాని గోడకు సింగారమేల?” అను ఆక్షేపణ యొకటి కలదు. పైన చెప్పినవానిలో మేకు కావలసినవి మిక్కిలి కొద్ది. తెరకమ్మికే పటమును వ్రేలాడదీయవచ్చును. పెట్టెపై నిలిపి గోడకు ఆనింపవచ్చును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. గోడ యజమానిది కావచ్చును. ఆ గోడనడుమ గడచు సంవత్సరములు మనవి. స్వంతయిల్లు కట్టిన పిమ్మట చక్కగా బ్రదుకుదమని వాయిదా వేయు తండ్రి తన బిడ్డల బాల్యమును ఎవరికి అద్దెకిచ్చుచున్నాడో ఆలోచించుకొనుగాక.

మరి కొందరు “చేతిపనులు ప్రియము, ప్లాస్టికు చవుక” అందురు. ఒక చేర్యాల పటము ఎట్లు సిద్ధమగునో వినుడు. ఖద్దరు గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల జిగురును, చెట్టు బంకయు కలిపి పూయుదురు. ఆరిన పిమ్మట మరల పూయుదురు. నేల సిద్ధమైన పిదప ఎర్రని నేపథ్యముతో కథను వ్రాయుదురు. గ్రామగ్రామమున కథకులు ఆ పటములను విప్పుచు కులపురాణములు చెప్పెడివారు. నిర్మల, కొండపల్లి బొమ్మలు తేలికయగు పొణికి కర్రతోను, ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతోను చేయబడుచున్నవి. వరంగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచినవి. ఆ యూరి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టివానిని యంత్రము పోసిన బొమ్మతో వెలలో పోల్చుట న్యాయమా? ఏడాదికి పది చవుకవస్తువులు కొని పదింటిని పారవేయువాడు, ఏడాదికొక చేతివస్తువును కొని పదియేండ్లుంచుకొనువాని కంటె పొదుపరి యెట్లగును? దుకాణమున ముద్రితమైన వెలను మారుమాటలేక చెల్లించు మనము, మేళాలోను, ఉప్పల్ శిల్పారామమువంటి చోట్లను నేతగానితోను బొమ్మలవానితోను మాత్రము పదిరూపాయలకు పోరాడుదుము. కొననక్కరలేదు, కొన్నచో పనివాని కూలిని గౌరవించి కొనవలయును. ఒక్క పటము ఇంటికి చాలును. అట్టి పటములు వేయి యిండ్ల కెక్కినచో ఒక చేతివృత్తి నిలుచును.

తుదకు చెప్పవలసినది మిక్కిలి ముఖ్యమైనది. ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమను సామెతను పట్టుకొని ఇంటి సొగసు భారమంతయు స్త్రీలపై మోపితిమి. అలంకారము ఆడువారి పనియని పురుషుడు చేతులు దులుపుకొన్నాడు. దుమ్ము దులుపుట మాత్రము ఆమెకు మిగిలినది. షోకేసులోని ప్రతి బొమ్మయు, ఫాల్సు సీలింగులోని ప్రతి గాడియు ఆమె ఆదివారమును కొంచెము కొంచెముగా కొరికి తినుచున్నవి. ఉద్యోగము చేసి వచ్చిన స్త్రీకి చదువుకొనుటకు అరగంట లేని యింట గాజుబొమ్మలకు మాత్రము వారమునకు రెండుగంటలు దొరకుచున్నవి. కావున వస్తువును కొనునపుడు వెలతోపాటు దీనిని తుడుచువారెవరని యడుగవలయును. దానికి సమాధానము ఆమె యొక్కతెయే యైనచో ఆ వస్తువు ఎంత చవుకయైనను ప్రియమే. ఇంట నందరును కలిసి ఏర్పరచి, అందరును కలిసి తుడుచు కొలది వస్తువులే ఆ యింటికి తగినవి.

చదువరులారా! రాబోవు పండుగకు ముందు ఇంటికేమి కొనవలయునని కాక, ఇంటినుండి ఏమి తీసివేయవలయునని యొక్కమారు మీరును మీ బిడ్డలును కూర్చుండి ఆలోచింపుడు. మంచి కిటికీ ఎవరి పాలైనదో చూడుడు. ఇంటిలో తనదని చెప్పుకొనుటకు మూల లేనివారెవరో కనుగొని ముందు వారికి చోటు చూపుడు. పిదప మిగిలిన గోడపై మీ నేలలో పుట్టిన వస్తువు నొక్కదానిని నిలుపుడు. అతిథి వచ్చి ఇల్లు చిన్నదనిన అననిండు; ఇందరు మనుష్యులకు చోటున్న యిల్లు చిన్నదెట్లగును?