సముద్రం లేని ఊళ్ల నుంచి నావికులొచ్చారు.. మరి అరకు పిల్లలకు పడవేది?

అరకు నుంచి విశాఖ తీరానికి రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్నది ఆ తీరంలోనే. అయినా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఓ గిరిజన పిల్లవాడు తెరచాప పడవ పోటీల్లోకి వెళ్తానంటే, ఎక్కడ మొదలుపెట్టాలో ఇంట్లోవాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. "కొండల్లో పుట్టినోళ్లకు సముద్రమెందుకు?" అన్న మాటే ముందు వినబడుతుంది. కానీ మన దేశ సెయిలింగ్ చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల పడవలో ఆరుగురు నేవీ మహిళా అధికారులు ప్రపంచయాత్రకు బయలుదేరారు. 21 వేలకు పైగా నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరారు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్లే. పి. స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. కెప్టెన్ వర్తికా జోషి, పాయల్ గుప్తాలది ఉత్తరాఖండ్, ప్రతిభా జమ్వాల్‌ది హిమాచల్, విజయాదేవిది మణిపూర్. అంటే ఆరుగురిలో సముద్రతీర రాష్ట్రం నుంచి వచ్చింది స్వాతి ఒక్కరే! మిగతా వాళ్లకు ఊళ్లో సముద్రం లేదు గానీ నేవీలో పడవ దొరికింది, శిక్షణ దొరికింది, నెల జీతం దొరికింది.

ఇక ఒంటరి రేసు సంగతి. కేరళకు చెందిన నేవీ పైలట్ అభిలాష్ టోమీ కెరీర్ చూస్తే ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. 2012-13లో ఒక్కడే, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టొచ్చిన తొలి భారతీయుడు ఆయన. ఆ పడవ 'మాదేయి' నేవీదే. 2018లో గోల్డెన్ గ్లోబ్ రేస్‌కి వెళ్లారు. అందులో జీపీఎస్ వాడకూడదు. సూర్యుణ్ని, నక్షత్రాలను చూసి దారి లెక్కగట్టుకోవాలి. ఆ సెప్టెంబర్‌లో హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో తుపానుకు పడవ దెబ్బతింది, ఆయన వెన్నెముక విరిగింది. కదల్లేని స్థితిలో ఉన్న ఆయన్ని మూడు రోజులకు ఓ ఫ్రెంచ్ నౌక కాపాడింది. ఆపరేషన్ చేసి వెన్నుకు టైటానియం కడ్డీలు పెట్టారు.

అక్కడితో ఆట అయిపోయిందనుకున్నారు చాలామంది. నేవీ నుంచి రిటైరయ్యాక 2022 సెప్టెంబర్ 4న ఆయన మళ్లీ అదే రేసులో దిగారు. 236 రోజుల తర్వాత, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో గట్టెక్కారు. 16 మంది బయలుదేరితే అసలు విభాగంలో చివరిదాకా నిలిచింది ముగ్గురే. గెలిచింది దక్షిణాఫ్రికా మహిళ కిర్‌స్టెన్ నాయిషేఫర్. ఈసారి టోమీ వెనుక నేవీ లేదు. పడవ మీద ఉన్న పేరు అబుదాబి కంపెనీ 'బయానాత్'ది. ధైర్యం ఆయనదే, ఖర్చు మాత్రం వేరేవాళ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ కెరీర్‌లో అసలు కష్టం అక్కడే ఉంది.

అలాంటప్పుడు పేదింటి పిల్లలకు మొదటి మెట్టు ఎవరు వేయాలి? ప్రభుత్వం వేస్తే ఏమవుతుందో భోపాల్ చూపించింది. సముద్రం లేని మధ్యప్రదేశ్ అక్కడి పెద్ద చెరువు దగ్గర సెయిలింగ్ అకాడమీ నడుపుతోంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన రైతు బిడ్డ నేహా ఠాకూర్, కాంస్యం తెచ్చిన ఇబాద్ అలీ ఆ అకాడమీ పిల్లలే. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ కూడా పేద పిల్లలను తీసుకుంటోంది. అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర అవే ఆసియా క్రీడల్లో దేశం తరఫున ఆడింది.

మన్యంలో నీళ్లకు కొదవ లేదు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీద జలాపుట్ రిజర్వాయర్ ఉంది. కరెంటు కోసం కట్టిన ఆ ఆనకట్ట వల్ల గిరిజనులు భూములు పోగొట్టుకున్నారు. ఆ నీటి మీద వాళ్ల పిల్లలకు ఓ శిక్షణ కేంద్రం అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. నాలుగు చిన్న పడవలు, లైఫ్ జాకెట్లు, ఓ కోచ్, దగ్గర్లోని గురుకులంతో ఒప్పందం ఉంటే మొదలుపెట్టొచ్చు. మైనారిటీ గురుకులాల్లో చదివే మన పిల్లల కోసమూ అడగాల్సింది ఇదే.

"పడవ నడిపితే అన్నం పెడుతుందా?" అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఒంటరి రేసు అందరికీ అన్నం పెట్టదు. కానీ దానికి ముందున్న మెట్లు పెడతాయి. హాంగ్‌జౌలో మరో కాంస్యం తెచ్చిన విష్ణు శరవణన్ ఆర్మీ ఉద్యోగి. స్వాతి, ఐశ్వర్య నేవీ అధికారులయ్యాకే సముద్రం దాటారు. కాబట్టి ముందు ఈత, తర్వాత ఎన్‌సీసీ నేవల్ విభాగం ఎక్కడుందో కనుక్కోవడం, చదువు ఆపకుండా క్లబ్‌లో చేర్చడం.. ఈ మూడూ ఆడపిల్లలకైనా, మగపిల్లలకైనా ఇంటినుంచే మొదలవ్వొచ్చు. పడవ కొనిపెట్టే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.