నాలుగు లక్షల నాదం

బంగారానికి గీటురాయి ఉన్నది. పాలకు లాక్టోమీటరు ఉన్నది. సంగీతానికి మాత్రం చెవి ఒక్కటే గతి. ఆ చెవికి ఇరుగున కన్ను, పొరుగున జేబు కాపురముంటున్నవి. ముగ్గురూ కలిసి చెప్పిన తీర్పునే మనం వినికిడి అంటున్నాము.

కంపాక్టు డిస్కులో పాట పాటగా ఉండదు, అంకెలుగా ఉంటుంది. నాదాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుమీద నిలిపి రాసిన పద్దు అది. ఆ పద్దును తిరిగి విద్యుత్తరంగంగా మార్చి ఆంప్లిఫయరుకు అందించే యంత్రమే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ముద్దుపేరు డాక్. సీడీ ప్లేయరులోను, సెల్‌ఫోనులోను గోరంత చిప్పుగా అణిగిమణిగి పనిచేస్తూనే ఉంటుంది. ఆ పనినే దళసరి అల్యూమినియం పెట్టెలో ప్రతిష్ఠించి లక్షలకు అమ్మేవారున్నారు. కొనేవారూ ఉన్నారు.

కొనబోయేవారిలో మా బావగారొకరు. రిటైరైనప్పుడు చేతికందిన సొమ్ములో నాలుగు లక్షలు దీనికని తీసి ఉంచారు. వంటిల్లు బాగుచేయించుకోవాలని అక్కయ్య ఏడేళ్లుగా ఎదురుచూస్తున్నది కూడా ఆ సొమ్ముకోసమే. దుకాణంవారు ఒక వారం వినిచూడమని పెట్టెను ఇంటికే పంపారు. ఇంట్లో అదివరకే తొమ్మిది వేల రూపాయల డాక్ ఒకటున్నది. రెండూ విని చెప్పమని నాకు కబురు వచ్చింది.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ పెట్టారు. పాత రికార్డు గరగర రెండు పెట్టెల్లోనూ ఒక్కతీరుగానే ఉన్నది. కాని పెద్దపెట్టెలో కమాను తీగెను ఒరుసుకొనే చప్పుడు కొంచెం దగ్గరగా, మృదంగం గుంకీ కొంచెం నిండుగా తోచింది.

"ఏమోయ్, విన్నావా! నాయుడు గారు మన సావిట్లో కూచుని వాయిస్తున్నట్లు లేదూ?" అన్నారు బావగారు.

"లేకేం బావగారూ! తీర్పు చెప్పేముందు వోల్టుమీటరొకటి తెప్పించండి" అన్నాను.

ఒకే స్థాయిలో మోగే పరీక్షాస్వరం పెట్టి కొలిచాము. చిన్నపెట్టె 2 వోల్టులు, పెద్దపెట్టె 2.2 వోల్టులు ఇస్తున్నవి. అంటే ఒక డెసిబెల్ లోపు తేడా. కిటుకంతా ఇక్కడే ఉన్నది. ఇంత చిన్న తేడాను చెవి 'గట్టిగా ఉన్నది' అనుకోదు. 'స్పష్టంగా ఉన్నది, నిండుగా ఉన్నది' అని మురిసిపోతుంది.

పెద్దపెట్టె మీట తిప్పి రెండిటినీ సమం చేశాము. తెర కట్టాము. తెర వెనుక అక్కయ్య రూపాయి బిళ్ల ఎగరేస్తుంది. బొమ్మ పడితే పెద్దది, బొరుసు పడితే చిన్నది. పదహారు విడతలు. బావగారు సరిగా చెప్పినవి తొమ్మిది, నేను చెప్పినవి ఏడు. మేమిద్దరం వినడం మానేసి మరో రూపాయి బిళ్ల ఎగరేసినా దాదాపు ఇంతే వచ్చేది.

ఇది మా ఇంటి వింత కాదు. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసిన పరీక్ష 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చింది. మేలురకం డిస్కుల నాదాన్ని నేరుగా ఒకసారి, మామూలు సీడీ కొలతల్లోకి దించి మళ్లీ నాదంగా మార్చి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాలలో సరిగా గుర్తించినవి 276. సగానికి ఒకటి తక్కువ!

అలాగని డాక్‌లన్నీ ఒకటేనని అనను. నాసిరకం వాటిలో బుస్సుమనే రొద ఉంటుంది. కంప్యూటరులోని చప్పుళ్లు పాటలో దూరవచ్చు. అవి లేకుండా శుభ్రంగా పనిచేసే పెట్టె దొరికిన తరువాత, పైన పోసే ప్రతి రూపాయీ పనితనానికీ, అందానికీ చెల్లుతుంది. చెవిదాకా రావడం అరుదు. పైగా వయసు మీరినకొద్దీ హెచ్చు కంపనాలు వినబడడం తగ్గిపోతుంది. ఆ లోటును ఏ దుకాణమూ తీర్చలేదు.

బావగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను పొందిన ఆనందం అబద్ధమేనా?" అన్నారు.

"ఆనందం నిజమే. అది పెట్టెలోంచి రాలేదు. నాయుడు గారి కమానులోంచి వచ్చింది. ఆ కమాను తొమ్మిది వేల పెట్టెలోనూ ఉన్నది" అన్నాను.

అప్పుడు గ్రానైటు నేలమీద జంపఖానా పరిచి, స్పీకర్లను గోడకు మూరెడు ఇవతలికి జరిపాము. ఈసారి తెరతో పనిలేకపోయింది. వంటింట్లో ఉన్న అక్కయ్యే, "పాట మారిందేమిటండీ?" అంటూ బయటికి వచ్చింది. ఖర్చు సున్న.

ఇలాంటి పెట్టె కొనదలచిన చదువరులకు నా మనవి ఒక్కటే. ముందు స్థాయి సమం చేయండి, పేరు కప్పేయండి, మీట ఇంకొకరి చేతికివ్వండి. అప్పటికీ తేడా వినిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి.

బావగారి పెట్టె దుకాణానికి తిరిగి వెళ్లింది. ప్రస్తుతం ఆ ఇంట్లో తాపీమేస్త్రీ సుత్తి మోగుతున్నది. దానికి కన్వర్టరు అక్కరలేదు.