మీ దుకాణంలో ఎనభై గంటలు

జనగామ, మానుకోట, భూపాలపల్లి పట్టణాల్లో దుకాణాలు, ల్యాబులు, వర్క్‌షాపులు, ఆఫీసులు నడుపుతున్న పెద్దలకు ఒక వొకేషనల్ సారు విజ్ఞప్తి.

నేను ఒక అబద్ధం కింద సంతకం పెట్టాను. ముందు అది ఒప్పుకోకపోతే మిమ్మల్ని ఏదైనా అడిగే మొహం నాకు ఉండదు.

కిందటి ఎండాకాలం మా బడి పిల్ల ఒకామెను పట్టణంలోని ఒక కంప్యూటర్ సెంటర్‌కు పంపాను. మానుకోట దగ్గరి తండా పిల్ల. ఐటీ వొకేషనల్ తీసుకుంది. పుస్తకంలో చదివింది పనిచేసే చోట చేసి చూడాలని పెట్టిన ఓజేటీ, అంటే ఆన్ ది జాబ్ ట్రైనింగ్, 80 గంటలు. రోజుకు నాలుగు గంటల లెక్కన 20 రోజులు. జూన్‌లో బడి తెరవగానే డైరీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అన్ని పేజీలూ ఒకే పెన్నుతో రాసి ఉన్నాయి. ‘ఈ రోజు డేటా ఎంట్రీ నేర్చుకున్నాను’, ‘ఈ రోజు ఎక్సెల్ నేర్చుకున్నాను’. ప్రతి పేజీ కింద సెంటర్ ముద్ర. సంతకానికి పెన్ను తీస్తూ మాటవరసకు అడిగాను, ఎక్సెల్‌లో కూడిక ఎట్ల చేస్తవమ్మా అని. తల వంచుకుంది.

“కంప్యూటర్ ముట్టనియ్యలేదు సార్. జిరాక్స్ కాయితాలు లెక్కవెట్టిన. ఛాయ్ తెచ్చిన. గిరాకీ లేనప్పుడు స్టూల్ మీద కూసున్న.”

“మరి ఈ డైరీ?”

“ఆఖరి రోజు ఆ అన్న చెప్తుంటే రాసిన.”

సంతకం పెట్టాను. పెట్టకపోతే మార్కులు పోయేది ఆ పిల్లకే. ముద్ర కొట్టిన సెంటర్‌కు పోయేదేమీ లేదు, నాకూ పోయేదేమీ లేదు. 80 గంటలు ఒక ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చున్న పిల్లకు, అంతా నేర్చుకుందని మేమిద్దరం కలిసి సర్టిఫికెట్ ఇచ్చాం.

ఆ సెంటర్ యజమాని చెడ్డవాడేమీ కాదు. అందుకే ఆయన పేరు రాయడం లేదు. పిల్లను కసురుకోలేదు, ఇంటికి ఆలస్యంగా పంపలేదు. ‘మీ పిల్ల మంచిది సార్, మాట్లాడదు’ అని మెచ్చుకున్నాడు కూడా. ఎవరో పిల్లను అంటగట్టారు, తన గిరాకీ చెడకుండా ఓ మూల కూర్చోబెట్టాడు. మన మూడు జిల్లాల్లో ఓజేటీ చాలాచోట్ల ఇలాగే నడుస్తోంది. నాకు తెలిసీ చాలాకాలం నోరు మూసుకున్నాను.

చదువుతో పాటు చేతిపని అన్న మాట ఈ దేశంలో కొత్తది కాదు. 1937లో వార్ధా సభలో గాంధీజీ చెప్పిన నయీ తాలీమ్ అదే. కొఠారీ కమిషన్ కూడా అదే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానమైతే, 2025 నాటికి సగం మంది విద్యార్థులకైనా ఏదో ఒక వృత్తి విద్య పరిచయం కావాలని గడువే పెట్టుకుంది. ఆ గడువు వచ్చింది, పోయింది. పాఠ్యప్రణాళిక భోపాల్‌లో తయారవుతుంది, డబ్బు కేంద్ర పథకం సమగ్ర శిక్ష నుంచి వస్తుంది. భోపాల్ వాళ్లూ ఢిల్లీ వాళ్లూ చేయలేనిది ఒక్కటే ఉంది. పిల్లను పక్కన నిలబెట్టుకుని ‘ఇగో, ఇట్ల పట్టు’ అని చెప్పడం. ఆ పని మీది. మా బడిలో పాఠం చెప్పేవాళ్లున్నారు. బోర్డు మీద స్టార్టర్ బొమ్మ వేయగలం. కాలిపోయిన మోటారు విప్పితే వచ్చే వాసన బోర్డు మీద వేయలేం.

ఓజేటీ సరిగ్గా జరిగితే ఎట్లుంటుందో కూడా ఒకసారి చూశాను. జనగామ వైపు వ్యవసాయం వొకేషనల్ తీసుకున్న ఒక పిల్లాడికి ఎక్కడా జాగా దొరక్క, చివరికి ఊళ్లోని ఐకేపీ కొనుగోలు కేంద్రంలో పెట్టాం. సెంటర్ నడిపేది మహిళా సంఘం అక్కలు. యాసంగి వడ్లు దిగే రోజులు, వాళ్లకు ఊపిరి సలపదు. ‘వీడొచ్చి మా కాళ్లకు అడ్డం పడతడు సార్’ అన్నారు. మూడో రోజుకు తేమ మిషన్ వాడి చేతిలో పెట్టారు. గింజలు గిన్నెలో పోసి, మూత బిగించి, అంకె చూసి రిజిస్టర్లో ఎక్కించాలి. 17 శాతం దాటితే కాంటా పెట్టరు. ఎందుకు పెట్టరు, తేమ ఉన్న బస్తా మిల్లుకు పోతే తరుగు ఎవరి నెత్తిన పడుతుంది, ఇవన్నీ పాఠంలో నేను గంటసేపు చెప్పినవే. వాడి కళ్లు అప్పుడు కిటికీ బయట ఉండేవి.

ఓ పొద్దున వాడి నాయనే కుప్ప తెచ్చాడు. మిషన్ 19 చూపించింది. నాయన కొడుకు మొహం చూశాడు. కొడుకు ఇంకోసారి గింజలు పోశాడు, మళ్లీ అంతే. ‘ఇంకో రెండు ఎండలు ఆరబొయ్యాలె బాపూ’ అన్నాడు. చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నాయనకు కోపం వచ్చింది, అయినా మారు మాట్లాడకుండా పరదా పరిచాడు. సెంటర్ అక్క ఒకామె నాతో తర్వాత అన్నది, ‘ఆ దినం నుంచి రైతులు పిలగాని అంకెతోని కొట్లాడుడు బంద్ జేసిన్రు’ అని. వాడి డైరీ చూడాలి మీరు. అక్షరాలు వంకర టింకర, మట్టి మరకలు, ఒక పేజీ మీద వాన చుక్కలు. ముద్ర సగమే పడింది. ఆ డైరీ మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణకలేదు.

ఆ పిల్లాడివీ 80 గంటలే, ఆ తండా పిల్లవీ 80 గంటలే.

ఇప్పుడు మీరు చెప్పే మాటలకు వస్తాను. ఏప్రిల్ వచ్చిందంటే దుకాణం తర్వాత దుకాణం ఎక్కి దిగే మనిషిని, ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ‘లేబర్ ఆఫీసర్ వస్తే ఎవరు జవాబు చెప్పాలె సార్?’ ఇది మొదటిది. బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ జరిగింది. 14 నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్య వాళ్లను గనుల్లో, మండే పేలే సరుకు దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టకూడదు. మిగతా చోట్ల కూడా పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక పని చేయించకూడదు. మా పిల్లలు పదహారు, పదిహేడేళ్ల వాళ్లు. మేము అడిగేది ఎనిమిది నుంచి పన్నెండు దాకా, నడుమ కాస్త విరామంతో. ఎండ ముదరకముందే ఇంటికి పోతారు. బడి రాసిచ్చిన ఉత్తరం మీ గల్లాపెట్టెలో ఉంటుంది. భయమెక్కడుంది? హోటల్లో పన్నెండేళ్ల పిల్లాడు గ్లాసులు కడుగుతుంటే అదే లేబర్ ఆఫీసర్ గుర్తుకు రాడేం?

రెండో మాట, ‘ఆడపిల్ల, ఏమన్నయితే?’ ఇది కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఇద్దరిద్దరు ఆడపిల్లలను కలిపి పంపుతాం, వారానికి రెండుసార్లు మేమే వచ్చి చూస్తాం, తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా లోపలికి రానివ్వాలని ముందే చెబుతాం. ఇది కుదరదన్న చోటికి అసలు పంపం. బస్సు చార్జీ సాకు కూడా ఇప్పుడు లేదు. 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. తండా నుంచి రోడ్డు దాకా ఆటో ఖర్చు మిగిలింది, అది మేము చూసుకుంటాం.

తల్లిదండ్రులకు ఒక మాట, కాస్త కటువుగానే. ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్ల ఇంట్లో ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు సంబంధం తెస్తారు. జూన్ 12న హాజరు పిలిచినప్పుడు ‘పెండ్లయింది సార్’ అని పక్క పిల్ల చెప్పడం విన్నవాణ్ణి. రోజూ పొద్దున డైరీ పట్టుకుని పట్నం పోయే పిల్ల గురించి ఆ మాట అంత తొందరగా ఎత్తరు. ఇది నేను కళ్లారా చూశాను. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరమని మీకు మళ్లీ చెప్పాలా?

మూడో మాట, ‘మాకేం లాభం?’ ఇది మాత్రం నిజాయితీ గల ప్రశ్న. మొదటి వారం లాభం లేదు, నష్టమే. మీ పని ఆగుతుంది. రెండో వారం నుంచి ఒక చెయ్యి సాయం. ఎండాకాలంలో బోరు మోటార్లు కాలి వైండింగ్ షాపుల ముందు రైతులు బారులు తీరుతారు కదా, అక్కడ చుట్లు లెక్కపెట్టే ఎలక్ట్రికల్ పిల్లాడు ఒకడుంటే చేదా? పంపిన పిల్లలకు మీరు జీతం ఇవ్వక్కరలేదు. వాళ్ల దగ్గర ఫీజు మాత్రం అడగకండి. అడిగిన వాళ్లున్నారు కాబట్టి రాస్తున్నాను.

భూపాలపల్లి పెద్దలారా, మీ మీద నాకు కోపం ఎక్కువ, ఆశా ఎక్కువే. కాకతీయ ఖని గనులు మీ కింద ఉన్నాయి. చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు మీ పక్కన ఉన్నాయి. పిల్లలను గనిలోకి దించమని ఎవరూ అడగడం లేదు, అది తప్పు. కానీ స్టోర్సులో రిజిస్టర్ ఎట్ల రాస్తారు, ఆసుపత్రిలో రక్తపు శాంపిల్ మీద పేరు ఎట్ల అంటిస్తారు, ఆఫీసులో జీతాల లెక్క ఎట్ల కడతారు, ఇవి భూమి మీద పనులే కదా. జిల్లా పిల్లాడికి ఆ గేటు బయటి నుంచే తెలుసు. మహాదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగులు పెంచే వాళ్ల దగ్గరికి ఇద్దరు వ్యవసాయం పిల్లలను పంపాలని నా కోరిక. ఆ పురుగు ఆకు మారేటప్పుడు, కాకి వాలేటప్పుడు ఏం చేయాలో ఆ పెంపకందార్లకు తెలిసినంత నాకు తెలియదు, నా పుస్తకానికీ తెలియదు.

జనగామ వాళ్లకు పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టే ఆ సుత్తి చప్పుడు ఢిల్లీ దాకా తెలుసు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఐదారు మైళ్ల దూరంలో చదివే పిల్లాడు ఆ గడప ఎన్నడూ ఎక్కలేదు. సభలు పెట్టి పోతన మా బమ్మెరవాడని, నాగలి పట్టి పద్యం రాశాడని దండలు వేస్తాం. చేతిపని నేర్చుకుంటానని పిల్లాడు గుమ్మంలో నిలబడితే ‘రేపు రా’ అంటాం.

గుమ్మం తెరిచిన చోటు కూడా ఉంది, జపాన్‌లోని హ్యోగో ప్రాంతం. 1995లో పెద్ద భూకంపం వచ్చి కోబే నగరం బాగా దెబ్బతిన్నది అక్కడే. 1998 నుంచి ఆ ప్రాంతంలో ఎనిమిదో తరగతి పిల్లలందరినీ ఐదు రోజులు బడి మాన్పించి ఊరి దుకాణాలకు, పొలాలకు, అగ్నిమాపక కేంద్రాలకు పంపడం మొదలుపెట్టారు. పెద్ద పరిశ్రమలను బతిమాలి కాదు, చేపల దుకాణం వాళ్లను, రొట్టెల బట్టీ వాళ్లను ఒప్పించి. మనమింకా ‘పెద్ద కంపెనీ వస్తే చూద్దాం’ అని హైదరాబాద్ వైపు చూస్తున్నాం. జనగామకు ఏ పెద్ద కంపెనీ రానక్కరలేదు. ఒక మోటార్ వైండింగ్ షాపు, ఒక టైలర్, ఒక ల్యాబ్, ఒక విత్తనాల దుకాణం చాలు.

నేను అడిగేది చిన్నది. మీ దగ్గర ఒక పిల్లకో పిల్లాడికో 80 గంటలు జాగా ఇవ్వండి. మొదటి రోజే ఒక పనిముట్టు చేతికివ్వండి. చెడగొడితే చెడగొట్టనివ్వండి, తిట్టండి, మళ్లీ చేయించండి. రోజూ డైరీ ఆ రోజే రాయించండి. నేర్చుకోలేదనుకుంటే ‘నేర్చుకోలేదు’ అని రాయండి, నేను కోపగించుకోను. జాగా ఇవ్వలేకపోతే సూటిగా లేదనండి, ఇంకో గడప ఎక్కుతాను. ముద్ర కొట్టిన ఖాళీ డైరీ మాత్రం నాకు పంపకండి. ఈసారి సంతకం పెట్టను, పైనుంచి ఎవరు అడిగినా సరే.

సెలవులకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. మా పిల్లల్లో సగం మందికి కూడా ఇప్పటికి జాగా దొరకలేదు. స్టూల్ మీద కూర్చున్న ఆ తండా పిల్ల చెల్లెలు ఈ ఏడాది మా దగ్గర అదే ఐటీ కోర్సులో ఉంది. ఆమెకు 80 గంటలు కావాలి, ఎవరూ ఇంకా రమ్మనలేదు.